జబ్బార్ కొట్టిన రెండు దెబ్బలు

గురజాల రోడ్డు పక్కనున్న ఆ నాపరాళ్ల మిల్లులో నోరు పనికిరాదు. కటింగ్ మిషను తిరుగుతుంటే పక్కనున్నవాడి అరుపు కూడా చెవిన పడదు. అందుకే అక్కడ పానాతో మాట్లాడతారు. పానాతో ఇనప స్తంభం మీద ఒక్క దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే వెయ్యమని. బ్లేడు కింద ఇరుక్కున్న రాతిముక్క తీయడానికి ఎవడు దూరాడో, బయటికొచ్చాక ఆ రెండు దెబ్బలూ వాడే కొట్టాలి. ఇంకొకడు కొట్టకూడదు. ఈ కట్టుబాటు ఓనరు పెట్టింది కాదు. మనిషి లోపల దూరితే స్విచ్చి పడకుండా బోర్డుకు వేసే తాళం పనికి అడ్డమని ఓనరు పీకించేశాక, ప్రాణాలు దక్కించుకోవడానికి కూలివాళ్లు పెట్టుకున్నది.

బెంజిమిన్ ఆ మిల్లులో రాళ్లు పేర్చేవాడు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవాడు. అది కూడా ఎవరూ నేర్పలేదు, నొక్కి నొక్కి నేర్చుకున్నాడు. మిల్లు చప్పుళ్లన్నీ ఫోనులో పట్టి, ఒక యాప్‌లో అతికించి, ఆల్బమ్ చేశాడు. మొదటి పాటలో కంప్రెసరు ఊపిరి వదులుతుంటుంది, దాని కింద కీబోర్డు స్వరం ఒకటి సాగుతూనే ఉంటుంది. దరువుండదు. రాతిపొడి గాల్లో తేలినట్టుంటుంది, అంతే. తర్వాతది టెక్నో. బ్లేడు, పాలిషు చక్రం, గుండెల మీద గుద్దినట్టు ఆగని దరువు. చివర చెల్లెలు ప్రిస్కిల్లా పాడిన పాప్ పాట, పెళ్లి ఊరేగింపులో వేసినా కుర్రాళ్లు ఎగురుతారు.

టెక్నో పాట మొదలయ్యేది రెండు పానా దెబ్బలతో. అవి కొట్టింది అబ్దుల్ జబ్బార్. మిషను మీద అందరికంటే పాత మనిషి.

"ఏందిరా, నా పెళ్లికి లేని బాజా నీ ఫోనుకి కావాలా?" అంటూనే అన్నాలప్పుడు పానా తీశాడు.

"గట్టిగా కొట్టు మామా."

"నేను కొడితే ఇంతేరా. రెండోది మెత్తగానే పడుద్ది. మణికట్టు ఇరిగి అతికింది గదా."

టణ్. టంగ్.

"నన్ను గూడా సింగర్ని చేశావు పో! మీ అత్తకి చెప్తే నవ్వి చస్తది."

ఆల్బమ్ నెట్‌లో పెట్టాడు. ఎక్కడెక్కడివాళ్లో విన్నారు, మెచ్చుకున్నారు. ఆ కబురు ఓనరు దాకా పోయింది. కూలికి పైసా పెంచనివాడు పెద్ద స్పీకరు బాక్సులు కొనుక్కొచ్చి ఆఫీసు గది ముందు పెట్టించాడు. రాళ్లు కొనేవాళ్లు వస్తే "మా మిల్లు మ్యూజిక్కండీ" అని వినిపించడానికి.

ఆ రోజు అలాగే ఎవరో వచ్చారు. "ఆ పాట పెట్టరా, దరువుండేది," అన్నాడు ఓనరు. మిషను ఆగి ఉంది. బ్లేడు కింద ముక్క ఇరుక్కుంటే జబ్బార్ దూరాడని ఆఫీసు గదిలో ఉన్న బెంజిమిన్‌కి తెలియదు. పేర్చిన రాళ్లకు అవతల, బోర్డు దగ్గర స్విచ్చి వేసే రాజమ్మ నిలబడి ఉంది. ఆమెకు బ్లేడు కనపడదు. ఆమెకున్నవి చెవులే.

బెంజిమిన్ పాట నొక్కాడు. టణ్. టంగ్.

పాటలో బ్లేడు మొదలైంది. మిల్లులోనూ మొదలైంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఈ పాట ఇంత బాగా ఎప్పుడూ మోగలేదనుకున్నాడు బెంజిమిన్. ఆ తర్వాత అరుపులు వినపడ్డాయి.

జబ్బార్‌ని పాతిపెట్టి వచ్చాక ఓనరు బెంజిమిన్‌ని పిలిపించాడు. మెత్తగా మాట్లాడాడు.

"రేపు లేబరు ఆఫీసరు వస్తాడు. పాట నాది, అది విని రాజమ్మ తొందరపడి నొక్కింది, అని చెప్పు. ఇందులో అబద్ధం ఏవన్నా ఉందా?"

"రాజమ్మక్క మీద కేసు పడుద్ది గదండీ."

"నీ మీద పడదు గదా. మీ నాయన గూడా ఇక్కడే తింటున్నాడు. గుర్తుపెట్టుకో."

తండ్రి బాలశౌరి ఇంట్లో అదే మాట అన్నాడు. "చెప్పెయ్‌రా. పోయినోడు ఎట్టాగూ రాడు."

బెంజిమిన్ జబ్బార్ ఇంటికి వెళ్లాడు. రాజమ్మ వాకిట్లో నేల మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు. ఎవరు వచ్చినా అదే చెబుతోంది.

"జబ్బారన్న దెబ్బ నాకు తెలవదా? ముందుది గట్టి, రెండోది మెత్తన. ఇంకోడి దెబ్బయితే నొక్కేదాన్నా? బయటికొచ్చి ఆయనే కొట్టాడనుకున్నా."

ఏవో రెండు దెబ్బల చప్పుడు విని పొరబడిందనుకున్నాడు బెంజిమిన్ అప్పటిదాకా. ఆమె పొరబడలేదు. మనిషిని గుర్తుపట్టింది.

జబ్బార్ భార్య హజ్రా బీ గడపలోకి వచ్చింది. "ఆ పాట పెట్టు."

"వద్దత్తా."

"పెట్టమన్నానా."

పెట్టాడు. రెండు దెబ్బలు విని ఆమె తల పైకెత్తింది. బ్లేడు రాగానే ఫోను లాక్కుని కొంగులో నొక్కేసింది.

"మొత్తం తీసేస్తానత్తా. నెట్‌లోంచి కూడా తీసేస్తా."

"ఆ మిషను తీసెయ్. ఆయన దెబ్బలుంచు." ఫోను తిరిగిచ్చింది. "తాళం పెట్టించమని ఆయన ఎన్నిసార్లు అడిగాడో నీకు తెలుసు. రేపు పాట సంగతొక్కటే చెప్పొచ్చావనుకో, ఆయన్ని ఆయన దెబ్బే చంపిందని రాసుకుపోతారు. రాజమ్మని తీసుకుపోతారు. ఇంక నా గడప తొక్కమాక."

మర్నాడు ఆఫీసరు కూల్‌డ్రింకు తాగుతూ అడిగాడు. కూలివాళ్లంతా వరసలో నిలబడ్డారు. బెంజిమిన్ దాచకుండా చెప్పాడు.

"పాట నాదే సార్. పెట్టమంది ఓనరు, నొక్కింది నా వేలు. దెబ్బలు జబ్బార్ మామవి. తాళం పీకించింది మాత్రం పాట కాదు. బోర్డు చూడండి."

ఆఫీసరు చూశాడు. బోర్డుకి తాళం వేలాడుతోంది. తళతళా మెరుస్తోంది.

"తాళం ఉంది గదయ్యా?"

"నిన్న లేదు సార్. ఈ మిల్లులో మా కనురెప్పల మీద గూడా పొడే. దాని మీద చూడండి, ఉందా?"

ఆఫీసరు వరస వైపు తిరిగాడు. "నిన్న ఉందా, లేదా?"

వరసలో ఒక్క నోరు లేవలేదు. అలవాటైన నోళ్లు. మిషను ఆగినా అవి ఆగే ఉన్నాయి. బాలశౌరి చెప్పుల వైపు చూసుకున్నాడు. ఓనరు ఎవరి వైపూ చూడలేదు. చూడాల్సిన పని లేదు.

రాజమ్మ మీద కేసు రాశారు. పేపర్లో 'ప్రమాదం' అని వేశారు. బెంజిమిన్‌ని ఆ పూటే పనిలోంచి గెంటేశారు. బాలశౌరిని ఉంచారు, మిగతావాళ్లు చూసి నేర్చుకోవడానికి.

కొన్నాళ్లకు తండ్రికి అన్నం క్యారేజీ ఇవ్వడానికి గేటు దాకా వెళ్లాడు బెంజిమిన్. లోపల పానా మోగింది. మూడు దెబ్బలు. రెండు మూడయ్యాయి, అంతే. గేటు సందులోంచి బోర్డు కనపడుతోంది. తాళం మళ్లీ లేదు. బ్లేడు మొదలైంది.

పాట మాత్రం హజ్రా బీ చెప్పినట్టే మార్చాడు. రెండు దెబ్బలు, ఆ తర్వాత పాట నిడివంతా ఏమీ లేదు. ఎవరో కింద రాశారు: "ఫైలు పాడైనట్టుంది బ్రో, మళ్లీ పెట్టు."

అతను మళ్లీ పెట్టలేదు.