మెట్ల మీద పేర్లు

తెలంగాణ సమ్మెతో బస్సులు ఆగకపోతే ప్రీతి కమాలుద్దీన్ సాబ్ దగ్గరికి వెళ్ళేదే కాదు. అంతవరకు పదేళ్ళ ఆ పిల్ల ప్రతి శనివారం కోరుట్ల నుంచి జగిత్యాల పోయి, చర్చిలో రాధ టీచరమ్మ దగ్గర కీబోర్డు నేర్చుకునేది. అయిదు గీతల మీది నల్ల చుక్కలు చూసి, సీ, డీ, ఈ అనుకుంటూ మెట్లు నొక్కేది. బస్సులు బందయ్యాక, బిడ్డ నేర్చుకునేది ఆగకూడదని తండ్రి యోహాను ఆమెను సందు చివర హార్మోనియంలు బాగుచేసే సాబ్ దగ్గర కూర్చోబెట్టాడు.

అక్కడ గీతలూ లేవు, చుక్కలూ లేవు. సరిగమలే. అవి కూడా ఒకచోట ఉండవు.

"బాపూ, సాబ్ 'సా' ఇయ్యాల నల్లమెట్టు మీదికి పోయింది. నిన్న తెల్లదాని మీద ఉండె" అంది ప్రీతి ఓ సాయంత్రం తండ్రితో.

"గదెట్లనే? కిరాయి ఇల్లా, మారనీకి?"

"పాడేటోళ్ళ గొంతును బట్టి మారుతదట. ముందు ఇనాలె, ఎనుక దేవులాడాలెనట."

ప్రీతి అట్లా వెతికేది కూడా. గంభీరావుపేట నుంచి వచ్చి బస్సుల్లేక ఇక్కడే చిక్కుబడిన నాయనమ్మ కనకవ్వ కూనిరాగం తీస్తే చాలు, ఒక్కొక్క మెట్టూ తడిమి, ఆ గొంతున్న చోటు దొరకగానే చప్పట్లు కొట్టేది.

యోహానుకు మాత్రం అది గందరగోళంగా తోచింది. అతను బోర్డులు రాసే పెయింటర్. ఆ రోజుల్లో నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపించి టీజీ రాయించుకునేవాళ్ళతో చేతినిండా పని. పేరు స్పష్టంగా రాసి ఉంటే ఎవరూ దారి తప్పరని అతని నమ్మకం. ఇద్దరు గురువుల మధ్య బిడ్డ నలుగుతోందనుకుని, ప్రార్థన చేసుకుని, సన్న బ్రష్షుతో ఇంట్లో ప్రీతి వాయించే కీబోర్డు తెల్లమెట్ల మీద ఎర్ర ఎనామిల్‌తో పైన స, రి, గ, కింద సీ, డీ, ఈ రాసేశాడు.

మర్నాడు ఇంటికి వచ్చిన సాబ్ అది చూసి తల పట్టుకున్నాడు. "యోహాను భాయ్, 'సా'కు పక్కా ఇల్లు కట్టిచ్చినవా?"

"పిల్లకు దేవులాట లేకుండ అల్కగుంటదని, సాబ్."

"అల్కగనే ఉంటది. ఇగ చెవులతోని పనేముంది, కండ్లు సాలు."

యోహాను నవ్వేశాడు. ప్రీతి నిజంగానే గబగబా వాయించసాగింది మరి. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

తెలంగాణ కోసం ఊళ్ళో వేసిన దీక్ష టెంటులో వాళ్ళ చర్చి వంతు వచ్చింది. తానే కట్టిన ప్రార్థన పాట పాడతానంది కనకవ్వ. నాట్లేసేటప్పుడు రెండు మడుల అవతలికి వినబడే గొంతు ఆమెది. ప్రీతి వాయించాలి.

కనకవ్వ కళ్ళు మూసుకుని పైస్థాయిలో ఎత్తుకుంది. ప్రీతి ఎర్ర 'స' నొక్కింది. కలవలేదు. మళ్ళీ నొక్కింది.

"అవ్వ ఒక దిక్కు, పెట్టె ఒక దిక్కు. మన లీడర్ల లెక్కనే!" అన్నారెవరో వెనక నుంచి. టెంటంతా నవ్వింది.

ప్రీతి తలెత్తలేదు. కళ్ళ నిండా నీళ్ళతో ఆ అక్షరాన్నే చూస్తూ దాన్నే నొక్కుతోంది. కనకవ్వ పాట ఆపింది. మనవరాలి ముఖం చూసి, గొంతు దించుకుని, ఆ మెట్టు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. అంత కింద ఆమెకు గాలి తప్ప మాట పలకలేదు. మైకున్నా రెండో వరుసకు వినబడలేదు. అయినా చివరిదాకా పాడింది.

ఇంటికి రాగానే యోహాను థిన్నర్‌లో ముంచిన గుడ్డతో అక్షరాలు తుడిచాడు. పెయింటుతోపాటు మెట్ల నునుపూ పోయింది.

"ఇగ సాబ్ చెప్పినట్టు దేవులాడు బిడ్డా. అవ్వా, నువ్వు పాడు."

ప్రీతి వేలు సరాసరి పాత చోటికే పోయింది. "సా గిదే కద బాపూ. నువ్వే రాస్తివి."

మంచే తలపెట్టాను కదా ప్రభువా, అనుకున్నాడు యోహాను. మరి రాసేముందు ఒక్కసారి సాబ్‌ను అడగాలని ఎందుకు తోచలేదో ఎంత ప్రార్థించినా అతనికి తెలియలేదు.

"పోనియ్యి కొడుకా, పోరిని యాష్టపెట్టకు" అంది కనకవ్వ. "నాదేముంది, నేనే దాని కాడికి వస్త."

వచ్చింది కూడా. బస్సులు నడిచి ఊరికి పోయేదాకా, రోజూ ఇంట్లో ప్రార్థనకు ఆ దించుకున్న గొంతుతోనే పాడింది. ప్రీతి సంతోషంగా వాయించేది. యోహాను మాత్రం తల్లి మాటల కోసం ముందుకు వంగి కూర్చునేవాడు. పాట ఎక్కడ ముగిసిందో, ఆమెన్ ఎప్పుడనాలో అతనికి తెలిసేది కాదు.