చేయి మారిన గాజులు

పుప్పాలగూడ కిష్టమ్మకు ఉన్నది ఒక్కటే బర్రె. పొద్దున్నుంచి ఈనలేక అవస్థ పడుతోంది. శేరిలింగంపల్లి పశువుల దవాఖాన నుంచి డాక్టరు భ్రమరాంబ వచ్చి చూసింది. దూడ ముందుకాలు ఒకటి బయటికొచ్చింది, రెండోది లోపల మడతపడి ఉంది. చేయి పెట్టి సరిచేయకపోతే తల్లీ దక్కదు, దూడా దక్కదు.

డెబ్బై నాలుగులో ఆడవాళ్లు పశువుల డాక్టరు చదవడమే వింత. బర్రె పోతే ఊళ్లో ఏమంటారో భ్రమరాంబకు తెలుసు. పనీ తెలుసు. వచ్చిన చిక్కల్లా గాజులతోనే. నిన్న ఆడపడుచు పెళ్లిలో గాజులాయన నవ్వుతూ నవ్వుతూ చేతుల నిండా బిగించేశాడు. లోపల ఒక్కటి చిట్లినా బర్రె గర్భసంచి కోసుకుపోతుంది. పశువుల డాక్టరుకు ఈ సింగారమేమిటని తన మీద తనకే ఒళ్లు మండింది. పగలగొట్టడానికి రాయి అందుకుంది.

కిష్టమ్మ అడ్డమొచ్చింది. మొగుడు పోయినప్పుడు ఆమె గాజులు పగలగొట్టింది ఈ వాకిట్లోనే.

“నా వాకిట్ల మళ్ల గాజులు పగలొద్దు బిడ్డా. బర్రె పోతే పోనీ.”

“తీస్తేగాని చేయి పెట్టలేనమ్మా.”

“కుడిచేతివి ఎడమచేతికి ఎక్కించుకో. ఒంటి మీదనే ఉంటయి గద.”

బాగానే ఉంది. కానీ భ్రమరాంబ ఎంత లాగినా ఒక్కటీ కదల్లేదు. మీరు లాగండంటే కిష్టమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. మొగుడు లేనిదాని చెయ్యి, ముత్తైదువ గాజులు ముట్టొద్దంది.

భ్రమరాంబకు కోపమొచ్చింది. “బర్రె పోతే పోనీ అని మీరన్నారు. నేననలేనమ్మా. రండి.”

కిష్టమ్మ ఆముదం రాసి ఒక్కొక్కటే తీసి ఎడమచేతికి ఎక్కించింది. ఆఖరి గాజు ఆమె వేళ్ల మధ్యే చిట్లింది. కిష్టమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. భ్రమరాంబ అదేమీ పట్టించుకోకుండా చేయి లోపలికి పెట్టింది. మడతపడ్డ కాలు దొరికింది. గిట్టను అరచేత్తో మూసి మెల్లగా ముందుకు తెచ్చింది. కాసేపటికి దూడ జారిపడి తుమ్మింది. కిష్టమ్మ దాని వంక చూడనైనా చూడలేదు.

“ఇంటికి పో బిడ్డా. జల్ది పో.”

మర్నాడు కిష్టమ్మ జున్నుపాలు పట్టుకుని దవాఖానకు వచ్చింది. డాక్టరమ్మ మొగుడు సుబ్రహ్మణ్యం క్యారియరు ఇచ్చి సైకిలెక్కబోతున్నాడు. కిష్టమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

“నువ్వేనా డాక్టరమ్మ ఇంటాయనవు?”

“నేనేనండి.”

“పానం మంచిగున్నదా?”

“బాగానే ఉందండి. ఏం?”

కిష్టమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది. రాత్రంతా ఆమె కంటి మీద కునుకు లేదు.

భ్రమరాంబ వచ్చి పక్కన కూర్చుంది. గాజులన్నీ ఇంకా ఎడమచేతికే ఉన్నాయి. రెండు చేతులూ ఆమె ముందు చాపింది.

“వీటిని మళ్లీ కుడిచేతికి మీరే వేయాలమ్మా.”

కిష్టమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఆముదం ఉన్నదా?” అంది.