డాంగిలూ తిరగవాతా

పొద్దున పూట ఆ ఇంట్లో పనులన్నీ వరసగా సాగిపోతాయి. మంజు కూతురు ధాత్రికి జడ వేసి స్కూలు వ్యానెక్కిస్తుంది. మొగుడు హేమనాథ్ అప్పటికే కవరైపేట్టై స్టేషన్లో లోకల్ ట్రైనెక్కి గుమ్మిడిపూండి ఫ్యాక్టరీకి పోయుంటాడు. అత్త వరదమ్మ పప్పో పులుసో పొయ్యి మింద పెట్టి, అది ఉడికినాక బాండ్లీలో నూనె పోసి, ఆవాలు, ఎండుమిరపకాయ, కరేపాకు వేసి, కొడుకును తలుచుకుని తిరగవాత పెడుతుంది. ఆ వాసన పక్కింటికి కూడా పోదు. నేరుగా గుమ్మిడిపూండికి పోయి, మిషన్ల మోత మధ్య నిలబడుండే హేమనాథ్ ముక్కులో దూరుతుంది. వాడు గట్టిగా తుమ్ముతాడు. "మీయమ్మ పిలుస్తా ఉండాది, పోయి తినేసి రారా" అని పక్కనుండేవాళ్ళు వాణ్ణి పొద్దున కట్టుకుపోయిన క్యారియర్ దగ్గరికి తరుముతారు.

ఊళ్ళో దీన్ని గురించి కూర్చుని మాట్లాడుకునేంత తీరిక ఎవరికీ లేదు. అవసరం పడినప్పుడు వాడుకుంటారు, అంతే. ఒకనాడు వెనకింటి ధనకోటి వచ్చి, "వరదక్కా, మావాడు సతీష్ ఫోనెత్తడంలా. యాడుండాడో, తిన్నాడో లేదో. ఒక తిరగవాత పెట్టకూడదా?" అని అడిగింది.

"వానికేం ఇష్టం?"

"తెల్లగడ్డ దండిగా వేసిన చారు."

వరదమ్మ తెల్లగడ్డ దంచి నూనెలో వేసింది. అది ఎర్రబడే లోపలే సతీష్ మదురై నుంచి ఫోన్ చేసి, "ఎందుకుమా, నేను మీటింగులో ఉండంగా అట్లా ఘాటు పెడతారు?" అని తల్లి మింద ఎగిరినాడు. ధనకోటి ఆ తిట్లు విని ఎంత సంతోషపడిందో!

దీనికి రెండే నియమాలు. పిలవాల్సిన మనిషి ముఖం వరదమ్మ చూసుండాల. ఆ మనిషి నాలిక దేనికి లాగుతుందో తెలిసుండాల. ఈ రెండూ లేకుండా పెడితే అది ఉత్త తిరగవాత, చట్నీలోకి తప్ప దేనికీ పనికిరాదు.

మంజు సంగతికి వద్దాం. పెళ్ళికి ముందూ, పెళ్ళైనాక కొన్నాళ్ళూ ఆమె గుమ్మిడిపూండిలో ఒక కంపెనీ డ్రాయింగ్ సెక్షన్లో పని చేసింది. కంప్యూటర్లో మిషను భాగాలకు బొమ్మలు గీసేది. ధాత్రి పుట్టినాక మానేసింది. మళ్ళీ పోదామంటే షిఫ్టు కుదిరితే ట్రైను కుదరదు, ట్రైను కుదిరితే బిడ్డకు జ్వరం. ఆ కంపెనీవాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తా ఉంటే ఒకటి అడిగి తెచ్చుకునింది. అందరూ నిద్రపోయే మధ్యాన్నం పూట దాని ముందర కూర్చుని, ఎవరూ అడగని బొమ్మలు గీసుకునేది. "ఎవురికమ్మే ఇదంతా?" అని అత్త అడిగితే, "చెయ్యి మరిచిపోకుండా అత్తా" అనేది. చెయ్యి మరిచిపోతుందేమోనని ఆమెకు నిజంగానే భయం. ఆ భయం మొగుడికి కూడా చెప్పుకోలేదు.

ఇట్లా ఉండంగా కోయంబత్తూరులో పంపుసెట్లు చేసే ఒక కంపెనీ, ఇంటి నుంచే బొమ్మలు గీసేవాళ్ళు కావాలనింది. మంజు రాసింది. వాళ్ళు జవాబు పంపినారు. గురువారం పొద్దున ఇంటర్వ్యూ. వాళ్ళు చూస్తా ఉండంగా ఆమె తన కంప్యూటర్లో బొమ్మ గీసి చూపించాల. మధ్యలో లైను తెగిందా, మళ్ళీ పిలవరు, తర్వాతి మనిషికి పోతారు. ఈ చివరి మాట చదివి మంజు బెదిరిపోయింది. ఎందుకంటే ఆ పాత కంప్యూటరు పెట్టెకు నెట్టే లేదు.

ఎదురింటి శివప్రకాశం మామ ఇంట్లో నెట్ పెట్టె ఉంది. "వాడుకోమ్మా, నేను చూసేది రాశిఫలాలే కదా" అన్నాడు. కానీ వీధికి అడ్డంగా వైరు లాగితే, వరికోత మిషను పోయినప్పుడల్లా తెగుతుంది. ఫోన్లో నెట్ అంటారా, రైసుమిల్లు రేకుల వెనక ఉండే ఆ ఇంట్లో మిద్దె ఎక్కితే తప్ప రాదు. అప్పుడు హేమనాథ్ గుమ్మిడిపూండి కంప్యూటర్ షాపులో అడిగితే, అంగడాయన గోరంత ముక్క ఒకటి చేతిలో పెట్టి, "పెట్టె విప్పాల్సిన పనే లేదు సార్. యూఎస్‌బీలో ఈ డాంగిల్ గుచ్చితే గాల్లోంచే నెట్ వస్తుంది" అన్నాడంట.

వరదమ్మ దాన్ని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ముక్కుపుడకంత లేదు. ఇది వీధి దాటి నెట్ పట్టుకొస్తుందా?" అనింది. గాల్లోంచి ఎట్లా వస్తుందని మాత్రం అడగలేదు. ఆ సంగతి ఆమెకు కొత్త కాదు కదా!

గుచ్చినంత మాత్రాన అది లేచి పలకలేదు. దాని సాఫ్ట్‌వేర్ చిన్న సీడీలో ఉంది, సీడీ పెట్టే నోరు పెట్టెకు ఎప్పుడో పాడైపోయింది. నెట్లో తెచ్చుకుందామంటే, నెట్ రావడానికే కదా ఈ పాట్లన్నీ! మంజు ఫోన్ తీసుకుని మిద్దె ఎక్కింది. ఎండలో చెయ్యి పైకెత్తి నిలబడి సాఫ్ట్‌వేర్ దించుకుని, కిందికొచ్చి కేబుల్‌తో పెట్టెలోకి ఎక్కించింది. డాంగిల్ కొసన పచ్చ లైటు టపటపా కొట్టుకునింది. తెర మింద శివప్రకాశం మామ నెట్ పేరు కనబడింది.

"మామా, పాస్‌వర్డ్!" అని కేకేసింది.

ఆయన అరుగు మింద నిలబడి, వీధి మొదలు నుంచి చివరి దాకా వినబడేట్టు అరిచి చెప్పినాడు.

"మెల్లగా మామా!"

"మన వీధిలో దొంగలెవురుండారుమ్మా?" అని ఆయన మళ్ళీ ఒకసారి అరిచినాడు, సరిగా వినబడిందో లేదోనని.

గురువారం వచ్చింది. మంజు తలకు పోసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చునింది. తెర మింద ఇద్దరు కనబడినారు. మధ్య వయసు ఆవిడ లక్ష్మీప్రియ మేడమ్, ఉద్యోగం ఇచ్చేదీ కాదనేదీ ఆమే. పక్కన మురళీధరన్ అనే ఆయన, గడియారం చూసుకుంటా ఉండాడు. మాటలన్నీ అరవంలోనే.

"తిన్నారామ్మా?" అని మేడమ్ అడిగింది, భయం పోగొట్టడానికి.

మంజు నోరు తెరిచే లోపల వెనక నుంచి వరదమ్మ తల దూర్చింది. "అది తిన్లేదు తల్లీ, భయంతో. నువ్వు తిన్నావా? ముఖమంతా వాడిపోయుండాది."

మంజుకు ప్రాణం పోయినట్టయింది. మేడమ్ మాత్రం నవ్వింది. "రొట్టె ముక్క తిన్నానమ్మా. వంట చేసే తీరిక యాడుంది? మా అమ్మ ఉన్నప్పుడు మోర్ కుళంబు చేసేది, కొబ్బరినూనె తిరగవాతతో. అట్లాంటిది తిని ఎంత కాలమైందో."

"అయ్యో, మజ్జిగ పులుసా!" అని వరదమ్మ ఇంకా ఏదో అనబోతే, మంజు ఆమెను కొంగు పట్టి పక్కకు లాగింది.

పరీక్ష మొదలైంది. ఒక పంపు బొమ్మ. మంజు గీత గీసింది, సున్న చుట్టింది. చెయ్యి దారిన పడింది. అప్పుడే పచ్చ లైటు ఆరిపోయింది. తెర మింద ఇద్దరి ముఖాలూ గడ్డకట్టి, తర్వాత మాయమైపోయినాయి.

డాంగిల్ పీకి చూస్తే దాని నోట్లో ఎండిపోయిన గంధం, గంధం మింద కుంకుమ.

"అత్తా! ఏం చేసినావు దీన్ని?"

"కొత్త మిషను కదమ్మే, బొట్టు పెట్టకుండా ఎట్లా? పొద్దున నువ్వు నీళ్ళు పోసుకునేటప్పుడు పీకి, బొట్టు పెట్టి, మళ్ళీ గుచ్చినా. మోటరుకు పెట్టలేదా, ట్రాక్టరుకు పెట్టలేదా?"

"తలకు పెట్టుంటే సరి. నోటికి ఎవురైనా పెడతారా? తడి లోపలికి పోయి, ఎండి బిగుసుకుపోయింది. పాయె అత్తా, నా పని పాయె!"

అత్తను అంత మాట ఎప్పుడూ అనలేదు మంజు. వరదమ్మ ముఖం చిన్నబోయింది. లేచి వంటింట్లోకి పోయింది.

మంజు ఏడుస్తానే పాత టూత్‌బ్రష్ తెచ్చి గంధం రాల్చింది. గుడ్డకు శానిటైజర్ పూసి తుడిచింది, ఫ్యాను కింద పట్టుకునింది. ఇన్నేళ్ళూ ఎవరూ చూడకుండా గీసిందంతా ఎందుకూ కాకుండా పోయిందే అనుకునింది. లోపల బాండ్లీ చప్పుడు వినబడింది. కొబ్బరినూనె కాగుతా ఉంది. ఆవాలు చిటపటమన్నాయి. మెంతులు, ఇంగువ, కరేపాకు ఒకదాని వెనకొకటి పడినాయి. మంజుకు ఒక్క రవ్వ వాసన కూడా తగల్లేదు.

డాంగిల్‌ను ఈసారి ముందరి వైపు గుచ్చింది. కంప్యూటరు టింగుమనింది, పచ్చ లైటు వెలిగింది. చచ్చినా బతికినా చూద్దామని లింకు నొక్కింది. తెర నల్లగా ఉంది. ఎవరూ లేరు.

ఉన్నట్టుండి పెద్ద తుమ్ము వినబడింది. లక్ష్మీప్రియ మేడమ్ కొంగుతో ముక్కు తుడుచుకుంటా తెర మిందికి వచ్చింది. వెనకాల మురళీధరన్ వచ్చినాడు. "మేడమ్, తర్వాతి అతను కాచుకోనుండాడు. లైను తెగినోళ్ళను మళ్ళీ పిలవకూడదని మనమే కదా అన్నాం?"

"మనం పిలవలేదు సార్, వాళ్ళే నన్ను పిలిచినారు" అనింది మేడమ్. "మోర్ కుళంబు తిరగవాత వాసన వచ్చింది. అంత ప్రేమగా పిలిచినాక పోకుండా కూర్చోవడం మర్యాదేనా?"

"నాకేం వాసన రాలేదే."

"మీకు పెట్టలేదు కదా సార్" అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చునింది. "గీయండి మంజూ, నేను చూస్తా ఉండాను."

అది చాలు మంజుకు. 'సీ' నొక్కితే సున్న, 'ఎల్' కొడితే గీత అన్నట్టు కీబోర్డు మింద వేళ్ళు వాటంతట అవే పోయినాయి. పంపు ఒళ్ళు గీసింది, బోల్టు రంధ్రాలు చుట్టూ పేర్చింది, అడ్డంగా కోసి లోపలి భాగం చూపించింది, కొలతలన్నీ వేసింది. మేడమ్ ఇంకో కష్టమైంది ఇచ్చింది. దాన్నీ గీసేసింది. చెయ్యి ఏదీ మరిచిపోలేదు. ఒక్క గీత కూడా మరిచిపోలేదు! గడియారం చూసుకునే మురళీధరన్ సైతం గడియారం మరిచి ముందుకు వంగినాడు.

"సోమవారం నుంచి పనిలోకి రండి" అనింది మేడమ్. తర్వాత తనే నవ్వింది. "రావడమెందుకు, అక్కడే కూర్చోండి చాలు. చేతికి అలవాటు కావడానికి ఈ పొద్దే ఒక బొమ్మ పంపిస్తా. రేపటికి గీసి పెట్టండి. లోపలుండే అమ్మకు నా నమస్కారం చెప్పండి."

మంజు వంటింట్లోకి పరుగెత్తింది. వరదమ్మ పొయ్యి ముందర నిలబడి, మళ్ళీ పోసిన నూనెను చూస్తా ఉంది. ఇంకా పిలవాల్సొస్తుందేమోనని రెండో తిరగవాతకు సిద్ధం చేసుకునుంది పిచ్చిది. "చాలు అత్తా, వచ్చేసింది, పని ఇచ్చేసింది!" అని మంజు ఆమెను గట్టిగా వాటేసుకునింది. "నిన్ను అంత మాటన్నానే, మనసులో పెట్టుకోవద్దత్తా" అని ఏడ్చింది.

"నోటికి పెట్టింది నా తప్పే లేమ్మే" అని వరదమ్మ కూడా ఏడ్చింది. ఏడుస్తానే పొయ్యి ఆర్పింది. ఇద్దరూ ఒకే పళ్ళెంలో మజ్జిగ పులుసు పోసుకుని తిన్నారు.

ఫోన్ మోగింది, హేమనాథ్. "ఏమైంది మంజూ? చెప్పు, ఏమైనా పరవాలేదు."

"ఏమైందా? కూరగాయలు తీసుకుని తొందరగా వచ్చెయ్" అనింది మంజు. "ఈ రాత్రికి వంట నీది. నాకు డ్యూటీ ఉండాది."