తెలుగులో అడిగిన గొంతు

తమిళ సీమలో, తుడియలూరులోని పంపుసెట్ల కంపెనీలో లోకేశ్వరి చేసే పని రాతపని. పంపులు కొన్న రైతుల వివరాలన్నీ ఒక డేటాబేస్‌లో ఉన్నాయి. తెలుగిళ్ళ రైతులకు ఫోన్ చేసి తెలుగులోనే సర్వీసు గురించి మాట్లాడే ఏఐ ఏజెంటు వాటిని వెతుక్కోవడానికి ఒక టూల్ తయారుచేశారు. ఏ గడికి అర్థమేమిటో, అది చూసి ఏం చేయాలో ఆమె రాసిపెట్టాలి. ఆమె రాసింది తప్ప ఏజెంటుకు వేరే లోకం లేదు.

ఒక గడిలో కొందరి పేర్ల పక్కన ‘ఎం’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. మెయింటెనెన్స్ కాబోలనుకుంది. ‘సర్వీసు బాకీ. యజమానితో మాట్లాడేదాకా మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయాలి’ అని రాసింది.

కొన్ని వారాలకు పళని పక్క పల్లె నుంచి కలైసెల్వి అనే ఆవిడ కంపెనీకి ఫోన్ చేసింది. తమిళంలో మొదలుపెట్టి, లోకేశ్వరిది తెలుగిల్లని తెలిశాక వచ్చీరాని తెలుగులో బతిమాలింది. “మా మామ పోయి రెండేండ్లాయ. మీ ఫోన్ వచ్చి ఆయన ఉన్నాడా అని అడుగుతాది. అత్త దానికి బదులు చెప్తా ఉంది. నాకు బయంగా ఉంది అక్కా.”

లోకేశ్వరి ఆ ఇంటి కాల్ రికార్డింగు పెట్టుకుని వింది.

“నమస్కారం. రాజగోపాలన్ గారు ఉన్నారా?” అంది ఏజెంటు.

“తోటకు పోయినాడు,” అంది ముసలి గొంతు.

“ఎప్పుడు వస్తారండీ?”

“పొద్దు గుంకితే వస్తాడు.”

లోకేశ్వరి రికార్డింగు ఆపేసింది. ‘ఎం’ ఉన్న ఇంకో కాల్ తెరిచింది. ఎవరో ఏడుస్తున్నారు. మరొకటి తెరిచింది. అవతల ఊపిరి తప్ప మాట లేదు. అప్పుడర్థమైంది. పాత గుమాస్తాలెవరో తమిళంలో ‘మరైవు’ అనుకుని పెట్టిన గుర్తు అది. మరైవంటే చావు. తన మాట పట్టుకుని ఆ గొంతు చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళకే వరసగా ఫోన్లు చేస్తోంది.

వెంటనే వివరణ మార్చింది: ‘వీరు చనిపోయారు. ఫోన్ చేయకూడదు.’ అయినా మనసు ఊరుకోలేదు. మర్నాడే పళని బస్సెక్కింది.

కలైసెల్వి అత్త తిరుమలమ్మాళ్ వసారాలో ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోకేశ్వరి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది.

“మిషన్ అని తెలుసు అమ్మణి,” అంది తిరుమలమ్మాళ్. “మనిషయితే ఒకతూరైనా విసుక్కోదా?”

“తెలిసీ ఏంటికి చెప్పినారు అవ్వా, తోటకు పోయినాడని?”

“తెలుగులో అడిగింది గదా. ఇంట్లో అందరూ తమిళమే. ఆయన పోయినాక నాతో మన మాట మాట్లాడే మనిషి లేదు. పోయినాడని తమిళంలో ఊరంతా చెప్పినా. మన మాటలో చెప్పేదానికి నోరు రాలా.” ఆమె పెరటివైపు చూసింది. “ఫోన్ వచ్చిన దినం, పొద్దు గుంకినాక అక్కడ కాళ్ళు కడుక్కునే సద్దు వినిపించేది. ఆయనకొక తట్టలో, నాకొక తట్టలో అన్నం పెట్టేదాన్ని.”

తలుపు దగ్గర నిలబడ్డ కలైసెల్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఇంక పిలవదా ఆ మిషను?” అంది తిరుమలమ్మాళ్.

“పిలవదు అవ్వా.”

“అట్లయితే నువ్వే అడుగు. ఒకతూరి.”

లోకేశ్వరి ఆమె ముఖంలోకి చూసింది. ఏజెంటు అడిగినట్టే, తెలుగులో, “రాజగోపాలన్ గారు ఉన్నారా?” అని అడిగింది.

తిరుమలమ్మాళ్ ఒళ్ళోని ఫోన్ తీసి పక్కన పెట్టింది. తర్వాత, “లేడమ్మా. పోయినాడు. నా చెయ్యి పట్టుకునే పోయినాడు,” అంది. కలైసెల్వి వచ్చి పక్కన కూర్చుంటే ఆమె భుజం మీద వాలి బిగ్గరగా ఏడ్చింది.

తిరిగొచ్చాక లోకేశ్వరి ‘ఎం’ ఉన్న మిగతా ఇళ్ళకు తనే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. మొదటి నంబరు బోడినాయకనూరుది. కంపెనీ పేరు చెప్పగానే అవతల ఒకావిడ గొంతు తగ్గించింది.

“మా అమ్మ కాంతమ్మాళ్ కోసమే గదా? పోయిందన్నారే గానీ మేమెవరం కళ్ళతో చూడలా. మీరు ఇన్నితూర్లు అడుగుతా ఉంటే, ఎక్కడో ఉందేమోనని అనుకుంటా ఉండా. నిజం చెప్పండి. మీకేమన్నా తెలుసునా?”

“లేదక్కా,” అంది లోకేశ్వరి. “మాకేమీ తెలియదు. తప్పు నాది.”

అవతల ఆమె ఫోన్ పెట్టేయలేదు. లోకేశ్వరి కూడా పెట్టేయకుండా, ఆమె పెట్టేసేదాకా అవతలి ఊపిరి వింటూ కూర్చుంది.