సగం ఉంగరాలు, సగం సాపు

కళ్లజోళ్ల షాపులో పనిచేసే ఆమెను ఇంట్లోనూ వీధిలోనూ అందరూ ఉంగరం అనే పిలిచేవాళ్లు. చిన్నప్పుడు తలంతా ఉంగరాలు తిరిగిన జుట్టు ఉండేది, అందుకని. పేరైతే మిగిలింది కానీ ఉంగరాలు బడి చదువు పూర్తికాకముందే మాయమయ్యాయి. అది అక్క చేతిపని.

అక్కకు పక్కవీధిలో బ్యూటీ పార్లర్ ఉంది. పని నేర్చుకునే రోజుల్లో ఎవరూ ధైర్యంగా తల అప్పజెప్పేవాళ్లు కాదు. దాంతో చెల్లెల్ని కూర్చోబెట్టి ఆ జుట్టుమీదే చెయ్యి తిప్పుకుంది. మొదట వేడి ఇస్త్రీ పట్టింది, తర్వాత జుట్టు సాపు చేసే క్రీములు వచ్చాయి; రంగు వేసుకున్న తన జుట్టుకూ అక్క అవే రాసుకునేది. చెల్లెలు కిమ్మనకుండా కూర్చునేది. నిజం చెప్పాలంటే ఆమెకూ అది నచ్చింది. దువ్వెన ఎక్కడా ఆగకుండా దిగడం, బళ్లో ఎవరూ పిచ్చుకగూడు అని ఏడిపించకపోవడం ఆ వయసులో చిన్న సంగతులేం కావు. పార్లర్ అద్దం తలుపుమీద ఆమె ఫోటోనే అతికించి ఉండేది. భుజాలమీద జుట్టు సాపుగా పరిచినట్టు ఉంటుంది అందులో.

ఒక్కటే లోటు. ఎన్నేళ్లయినా ఆ జుట్టు భుజం దాటలేదు. నీ జుట్టు తత్వమే అంత అని అక్క తేల్చేసింది. ఆ మాట అమ్మ నమ్మింది, ఉంగరమూ నమ్మింది.

ఒకరోజు షాపులో కొత్త ఫ్రేములు వచ్చాయి. కొనేవాళ్లకు చూపించేముందు తనే ఒక్కోటి పెట్టుకుని అద్దంలో చూసుకోవడం ఆమెకు అలవాటు. అందులో ఒకదాని మడత దగ్గర జుట్టు ఇరుక్కుంది. మెల్లగా లాగితే ఒక పాయ తెగి చేతికొచ్చేసింది. కుదుళ్లతో రాలేదు, మధ్యలో తెగింది. నొప్పి కూడా తెలియలేదు. ఆ పాయను కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుంది.

మర్నాడు చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ తల పరీక్షగా చూసి, జుట్టు పెరగడం లేదని ఎవరన్నారని అడిగింది. పైన శుభ్రంగా పెరుగుతోందట. వేడికీ మందులకీ పీచైపోయి కింద తెగిపోతోందట. వచ్చినంతా పోతుంటే పొడుగు ఎక్కడ కనబడుతుంది? ఇస్త్రీ, క్రీములు మానేయమంది. తలస్నానం చేసినప్పుడల్లా కండిషనర్ పెట్టమంది. జుట్టు తడిగా, జారుడుగా ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి పైకి చిక్కు తీసుకోమంది. తువ్వాలుతో రుద్దొద్దు, పాత కాటన్ బట్టతో అద్దుకుంటే చాలు. జడ బిగించి వేయొద్దు. రక్తపరీక్షలో ఐరన్ తక్కువుందని తేలితే దానికి మాత్రలు రాసింది. ఏ నూనె రాస్తే తొందరగా పెరుగుతుందని ఉంగరం అడిగితే, అలాంటిది తనకు తెలిసి ఏదీ లేదంది. పాడైన జుట్టు మళ్లీ బాగవదని, మనసు గట్టిపడ్డప్పుడు కత్తిరించేయమని చెప్పి పంపించింది.

అక్కకు చెప్పడమే పెద్ద పనైంది. తను అక్కను తప్పుపట్టడం లేదని ఉంగరం ఎన్ని రకాలుగా చెప్పినా, చెప్పినకొద్దీ అది తప్పుపట్టినట్టే వినిపించింది. అక్క మొహం మాడ్చుకుంది. తలుపుమీద నీ బొమ్మ పెట్టుకుని బతుకుతున్నాను, రేపు నువ్వు చింపిరి తలతో ఇదే వీధిలో తిరిగితే నన్ను చూసి నవ్వరా అంది. బావ మధ్యలో కల్పించుకుని, జుట్టూ జుట్టూ ముడిపెట్టేవాళ్లను చూశాను కానీ, మూడోమనిషి అక్కర్లేకుండా మీరే ముడేసుకుంటున్నారు అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు. ఆయన పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

తర్వాతి నెలలు బాగా గడిచాయని చెప్పలేం. కుదుళ్ల దగ్గర ఉంగరాలు లేచాయి, కింద సాపు జుట్టు చీపురు పుల్లల్లా వేలాడింది. సగం ఒక మనిషిదీ సగం ఇంకొకరిదీ తెచ్చి అతికించినట్టుండేది. అమ్మ కనబడినవాళ్లందరినీ అడిగి రోజుకో చిట్కా మోసుకొచ్చేది. ఉంగరం అన్నీ విని, ఏదీ చెవికెక్కించుకోకుండా, డాక్టరమ్మ చెప్పిందే చేసుకుపోయింది. ఆదివారం పొద్దున్నే తలస్నానం. చిక్కు తీసుకుంటుంటే చేతులు పడిపోయేవి.

ఒక్కసారి మాత్రం తప్పింది. షాపువాళ్లు ప్రకటన కోసం అందరికీ ఫోటోలు తీస్తారన్నారు. ఆ పొద్దున ఆమె, ఒకప్పుడు అక్క ఇచ్చిన ఇస్త్రీని అటకమీంచి దించి, ముందువైపు జుట్టంతా సాపు చేసుకుంది. ఫోటో బాగా వచ్చింది. మళ్లీ తల తడిపాక మిగతా జుట్టు ఉంగరాలు తిరిగింది కానీ, నుదుటి దగ్గర కొన్ని పాయలు మాత్రం ఎంతకీ తిరగలేదు. ఆ సాయంత్రమే ఇస్త్రీని అక్క ఇంట్లో ఇచ్చేసి వచ్చింది. అక్క ఇంట్లో లేదు. బావ తీసుకుని బీరువాలో పెట్టాడు.

కొసలు కత్తిరించే వేళకు అక్కనే బతిమాలింది, ఇంకొకరి కత్తెర నమ్మలేక. నా చేత్తో చేసినదాన్ని నా చేత్తోనే తీసెయ్యమంటావా, నావల్ల కాదు అని అక్క ఫోను పెట్టేసింది. పంతంకొద్దీ ఉంగరం స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి తనే మొదలుపెట్టింది. తెగిన పాయ స్ప్రింగులా ఎగిరి చెవి పైకెక్కింది. రెండోవైపు అలా ఎగరకుండా చూద్దామనుకుంటే అది మెడ దగ్గర ఆగింది. అద్దంలో చూసుకుంటే ఎవరో తరిమితే సగం పని వదిలేసి పారిపోయినట్టుంది. నెత్తికి చున్నీ చుట్టుకుని పార్లర్‌కు నడిచింది.

అక్క చున్నీ విప్పి చూసింది. తలుపుకు గడియ పెట్టి వచ్చి, కుర్చీ చూపించింది.

సాపు జుట్టే కత్తిరించి అలవాటైన చెయ్యి అది. తడిపి, సాగదీసి, గీత గీసినట్టు కత్తిరించబోయి ఆగింది. వదిలేస్తే ఒక్కో పాయ ఒక్కో ఎత్తుకు లేస్తోంది. చివరికి తల ఆరేదాకా ఆగి, ఒక్కో ఉంగరాన్ని విడిగా పట్టుకుని, అది ఎక్కడ ఆగుతుందో చూసి కొస తీసింది. నుదుటి దగ్గరికొచ్చాక చెయ్యి ఆగిపోయింది.

"ఇవెందుకు తిరగలేదు?"

"ఫోటోకని ఇస్త్రీ పెట్టాను."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు. బాగుంటుందనిపించింది."

అక్క ఆ పాయలను వేళ్లతో వెనక్కి తోసి, వాటిని కత్తిరించకుండా వదిలేసింది. చెల్లెలి తల అటూ ఇటూ తిప్పి అద్దంలో చూసింది.

"మొదట్లో ఇలాగే ఉండేదా?"

"నువ్వు చూసిందేగా."

"గుర్తులేదు," అంది అక్క. కిందపడ్డ జుట్టు ఊడవడానికి చీపురు అందుకుంది.

ఆ తర్వాత ఆ జుట్టు తన తీరులో తను పెరిగింది. ఏడాది తిరిగేసరికి భుజం తాకింది, మరుసటి ఏడాది దాటింది. ఇంకో రెండేళ్లకు తడిగా ఉన్నప్పుడు నడుము అందుకునేది, ఆరాక ముడుచుకుపోయి వీపు మధ్యకొచ్చేది. అంత పొడుగుందని స్నానాలగది బయట చెబితే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. షాపు మేనేజరు మాత్రం, అద్దాలు అరగదీసే మిషన్‌లో జుట్టు పడుతుంది, ముడేసుకోమ్మా అని ఒకరోజు గట్టిగానే మందలించాడు. ఉంగరం సారీ చెప్పి ముడేసుకుంది. సాయంత్రం అమ్మకు ఆ మాట చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మకు ఇందులో నవ్వేదేమిటో తెలియలేదు.

అక్క తన పని మానలేదు. జుట్టు సాపు చేయమన్నవాళ్లకు చేస్తూనే ఉంది, అదే ఆమె కూడు. కాకపోతే ముందు ఒక వెంట్రుకను తడిపి లాగి చూస్తోందని, తెగితే కుదరదని పంపించేస్తోందని బావ చెప్పాడు. ఒకరోజు ఫోన్ చేసి, నువ్వు వాడే ఆ కండిషనర్ పేరేమిటని అడిగింది. పార్లర్‌కొచ్చే ఎవరికో కావాలట. ఉంగరం చెప్పింది.

కొన్నాళ్ల తర్వాత అక్క ఇంట్లో భోజనానికి వెళ్లి, చేతులు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళితే కిటికీ గట్టుమీద అదే సీసా కనబడింది, సగం ఖాళీగా. పక్కనే వెడల్పు పళ్ల దువ్వెన, పళ్లమధ్య రంగు వెలిసిన సాపు వెంట్రుకలు రెండు. ఉంగరం చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి కూర్చుంది. అక్క అన్నం వడ్డించింది. ఇద్దరూ వేరే విషయాలు మాట్లాడుకున్నారు.