జనరల్ గారి గుమ్మడికాయ పథ్యం

యుద్ధానికి ముందు జనరల్ తూటాదూరదు గారి పేరు టోక్పా. మన్రోవియా దారిలో వ్యాను వెనక వేలాడుతూ జనాన్ని ఎక్కించేవాడు. లైబీరియాలో కొట్లాట మొదలయ్యాక వ్యానునీ, దాంతోపాటు జనరల్ పదవినీ తనే తీసేసుకున్నాడు. మెడలో తాయెత్తు ఉన్నంతకాలం తూటా తన ఒంట్లోకి దూరదని ఊరూరా చాటించాడు. పథ్యం ఒక్కటే, గుమ్మడికాయ తినకూడదు. ఆ సంగతి కూడా తనే చాటించాడు. గొప్పలు చెప్పుకునేవాడి నోటికి తాళం ఉండదు కదా.

ఆయన ఓ పల్లెలోకి వచ్చిన పూటే అక్కడి ముసలమ్మ లోర్పు మొగుడు జూబాను చెట్టుకు కట్టేశారు. నేరం, పిక్కల మీద బూట్ల గుర్తులు. అంటే ప్రభుత్వ సిపాయి అన్నమాట. వరిమడిలోకి దిగేటప్పుడు వేసుకునే రబ్బరు బూట్లవని జూబా చెప్పాడు. నిజం చెప్పడం తప్ప మరో విద్య రాని మనిషి. భోజనం అయ్యాక కాల్చేద్దామన్నారు జనరల్ గారు. ఆకలితో ఆయన ఏ పనీ చేయరు.

వంట లోర్పుకే పురమాయించారు. కర్రపెండలం ఆకు దంచి, ఎండుచేప వేసి, పామాయిల్‌తో కూర వండింది. అంత భయంలోనూ ఉప్పు సరిపోయింది. ఆయన గిన్నె ఖాళీ చేసి త్రేన్చేదాకా పక్కనే నిలబడింది.

"బాగుందా నాయనా?"

"బాగుంది పెద్దమ్మా. ఏదో తియ్యగా తగిలింది."

"గుమ్మడి గుజ్జు. చిక్కగా ఉంటుందని వేశా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారు. ఈయన మెడ తడుముకున్నాడు. చుట్టూ ఉన్న అంగరక్షకులు మెల్లగా దూరం జరిగారు. తూటా దూరే మనిషి పక్కన నిలబడటం ఎవరికి మాత్రం ఇష్టం?

"నిన్ను చంపేస్తా ముసలిదానా."

"చంపు నాయనా. మరి ఆ దోషం ఎవరు తీస్తారు? దానికి విరుగుడు ఆకు మా ఆయన వంశంవాళ్లకే తెలుసు. ఆయన్నేమో చెట్టుకు కట్టేశారు."

జూబా కట్లు విప్పారు. "ఏ ఆకే?" అన్నాడతను అయోమయంగా.

"నోర్మూసుకుని ఏదో ఒకటి కోసుకు రావయ్యా," అని గొణిగింది.

అతను ఏవో ఆకులు తెచ్చి, నూరి, జనరల్ గారికి తలారా పోశాడు. కొత్త మందు పనిచేస్తుందో లేదో కోడి మీద చూడటం అక్కడి పద్ధతి. మిగిలిన ఆకుల్లో ఒకదాన్ని లోర్పు పెంచుకునే కోడి మెడకు కట్టారు. పొద్దున్నుంచీ కల్లు తాగుతున్న అంగరక్షకుడు తుపాకి ఎత్తి గురిపెట్టాడు. గోడకు కన్నం పడింది. కోడి ఓ చుట్టు తిరిగొచ్చి మట్టి గీక్కుంది.

జనరల్ గారు జూబాను కావలించుకున్నారు. "ఇంత మొనగాణ్ణి పొలంలో వదిలేస్తారా పెద్దమ్మా? రేపట్నుంచి యుద్ధంలో నాకు ముందు నడుస్తాడు."

"ఆయన లేకపోతే నాకెవరున్నారు నాయనా?"

"ఏం కాదులే. తూటా తగలదుగా."

కూరలో గుమ్మడి ముక్క కూడా లేదని చెబితే ఇద్దరినీ అక్కడే కాల్చేస్తారు. లోర్పు మింగలేక కక్కలేక నిలబడింది. జూబా మెడలోనూ ఓ ఆకు కట్టి, వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. అతను కోడిని చూశాడు, తర్వాత తన మెడలో కట్టిన ఆకును తడిమి చూసుకున్నాడు.

"లోర్పూ, నిజంగానే తగలదంటావా?"

ఆ రోజుకు ఆమె మూడో అబద్ధం ఆడింది.

"తగలదయ్యా," అంది.