మూడో సూది

రేపల్లెలో తెనాలి రైలెక్కితే లిఖితకు నిద్రా కాదు, మెలకువా కాదు అన్నట్టుండేది. కిటికీ పక్కన జొన్నచేలు మెల్లగా వెనక్కి నడిచేవి. భట్టిప్రోలు దాటేసరికి కడుపులో ఎనిమిదో నెల బిడ్డ చేపపిల్లలా ఒకసారి ఒత్తిగిలేది. ఈ రైలు ఎక్కడా ఆగకుండా ఇలాగే పోతూ ఉంటే ఎంత బాగుండును అనుకుంటూ ఆమె కళ్ళు మూసుకునేది. కానీ తెనాలి రానే వచ్చేది. ఆసుపత్రీ వచ్చేది, సూదీ వచ్చేది.

రెండు రోజులుందామని బాపట్ల పుట్టింటికి వెళ్ళినప్పుడు చేయించిన రక్తపరీక్షలో బయటపడిందది. సిఫిలిస్. పాతకాలం వాళ్ళు సవాయి అనేవాళ్ళట. పెళ్ళికి ముందెప్పుడో మొగుడు సాయి కిరణ్ అంటించుకున్న జబ్బు, నొప్పీ మచ్చా లేకుండా వచ్చి ఆమె ఒంట్లో కూర్చుంది. బాపట్లలో పుట్టింటివాళ్ళు, రేపల్లెలో అత్తింటివాళ్ళు. అందుకని తమనెవరూ ఎరగని తెనాలికి వెళ్ళారు.

"ఇద్దరికీ పెన్సిలిన్. వారానికొకటి చొప్పున మూడు," అంది డాక్టరమ్మ. "ఒంట్లో బాగానే ఉందిగా అని మధ్యలో మానేస్తే కుదరదు. నీకు సూదికీ సూదికీ మధ్య తొమ్మిది రోజులు దాటాయంటే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలమ్మా. కాన్పు దగ్గరపడుతోంది, అంత వ్యవధి లేదు. బిడ్డ కడుపులోనే పోవచ్చు."

ఆ రోజు తెనాలి ప్లాట్‌ఫారం బెంచీ మీద సాయి కిరణ్ భోరుమన్నాడు. ఏడవాల్సింది ఆమె, ఏడ్చింది అతను! లిఖితకు ఒళ్ళు మండిపోయింది. అప్పటినుంచి మొగుడితో మాట్లాడటం మానేసింది.

అత్తగారు భువనేశ్వరికి మాత్రం రక్తం పట్టే సూది అని చెప్పారు. ఆవిడ పంచాంగం చూడనిదే గుమ్మం దాటే మనిషి కాదు. రెండు సూదులు అనుకున్న రోజుకే పడ్డాయి. మూడోదానికి ఏడో రోజున బయలుదేరబోతుంటే ఇంటికి చుట్టాలు దిగారు. ఎనిమిదో రోజున కూడా వాళ్ళు కదల్లేదు. తొమ్మిదో రోజున చంద్రగ్రహణం.

సాయంత్రం చంద్రుడు గ్రహణం పట్టి ఉండగానే ఉదయిస్తాడట. భువనేశ్వరి పొద్దున్నే పచ్చడి జాడీల మీద గరిక వేసింది. కిటికీలన్నీ మూసి, నడిమి గదిలో చాప పరిచింది.

"అమ్మాయ్, గ్రహణం విడిచేదాకా కదలకుండా పడుకోవాలి. గుమ్మం దాటకూడదు."

సాయి కిరణ్ బండి తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. రొయ్యల ధర దగ్గర పదిమంది బేరగాళ్ళ నోరు మూయించే మనిషికి తల్లి ముందు నోరు పెగల్లేదు.

లిఖిత చాప మీద ఒరిగింది. తలుపు సందులోంచి సన్నటి వెలుగు గచ్చు మీద పాకుతోంది. చాప నీళ్ళ మీద తేలుతున్నట్టుంది. రెప్ప పడిందో లేదో, రైలు కనిపించింది. పెట్టెలో ఎవరూ లేరు. కిటికీ దగ్గర చిన్న పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. లిఖిత ప్లాట్‌ఫారం మీంచి ఎంత పిలిచినా ఆ పిల్ల ఇటు తిరగలేదు. రైలు చప్పుడు లేకుండా చేలల్లో కలిసిపోయింది.

ఉలిక్కిపడి లేచింది. ఇక భయపడటానికి కూడా ఓపిక లేకపోయింది.

"అత్తయ్యా, నేను తెనాలి వెళ్ళాలండి. ఇవాళ సూది పడకపోతే బిడ్డ దక్కకపోవచ్చు. అది రక్తం పట్టే సూది కాదండి."

"తెలుసు," అంది భువనేశ్వరి.

"ఏంటండీ తెలిసింది?"

"మొదటి వారం నువ్వు కుంటుకుంటూ వచ్చావు. వీడూ కుంటాడు, బండి మీంచి పడ్డానన్నాడు. రెండో వారం మళ్ళీ ఇద్దరూ ఒకే రోజు కుంటారు. రక్తం పట్టే సూది మొగుడికి కూడా వేస్తారా? నాకు కళ్ళు లేవనుకున్నారా? బిడ్డకు గండమని మాత్రం తెలీదు."

సాయి కిరణ్ వేలి మీద తాళం ఆగిపోయింది. ఆవిడ జాడీ మీది గరిక పరక ఒకటి తీసి లిఖిత కొంగుకు ముడివేసింది.

"ఇది నా తృప్తి కోసం ఉంచుకో. ఒరేయ్, ఆ తాళం తిప్పింది చాలు, వెళ్ళి ఆటో పిలు. నేనూ వస్తున్నా."

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో లిఖిత తప్ప కడుపుతో ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మొగుడికీ పెళ్ళానికీ మూడో సూది పడింది. పుట్టాక బిడ్డకు కూడా పరీక్ష చేయాలని చెప్పి పంపింది డాక్టరమ్మ.

తిరుగు రైల్లో సాయి కిరణ్ కుంటుతూ ఎక్కాడు. లిఖిత ఎదుటి సీటు మీది సంచీ తీసి అతనికి చోటిచ్చింది. వేమూరు దాటాక ఎడమవైపు కిటికీలో చంద్రుడు వచ్చాడు, మసిపట్టిన రాగిచెంబు రంగులో. చేలన్నీ నిద్రలో ఉన్నట్టున్నాయి. భువనేశ్వరి గబుక్కున తన కొంగు తీసి కోడలి కడుపు మీద కప్పి, దాని కింద చెయ్యి ఉంచింది.

కిటికీ వైపు చూడకుండా అంది: "కిరణ్ కంటే ముందు ఒకడున్నాడు నాకు. నిండు నెలలు. గ్రహణం పూట మా అత్తగారు చెప్పినట్టే పడుకున్నా. మొహం మీద ఈగ వాలినా చెయ్యెత్తలేదు. నేనూ కదల్లేదు, వాడూ కదల్లేదు. ఎందుకు పోయాడో ఇప్పటికీ తెలీదు. పరీక్షలా, సూదులా, ఏమున్నాయి మాకప్పుడు?"

తనకొక అన్న ఉండేవాడని సాయి కిరణ్‌కు ఆ క్షణం దాకా తెలియదు. లిఖితకు దుఃఖం ముంచుకొచ్చింది. అంతలో లోపల బిడ్డ, నిద్ర చెడగొట్టారన్న కోపంతో కాబోలు, గట్టిగా ఒక్క తన్ను తన్నింది.

భువనేశ్వరి ఉలిక్కిపడింది. గ్రహణంలో ఇలా కదలొచ్చా అని అలవాటుగా నోరు తెరిచి, అనలేకపోయింది. కళ్ళనీళ్ళు బుగ్గల మీదికి జారాయి.

"కదులు నాయనా," అంది కొంగు కిందికి వంగి. "నీ ఇష్టమొచ్చినట్టు కదులు."

రేపల్లె వచ్చేదాకా ఆవిడ చెయ్యి తీయలేదు.